తలుపు పక్కన వంకర గీత

శుక్రవారం మధ్యాహ్నం సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో మా వీధి మొత్తం నమాజుకు పోతుంది. దుకాణాల షట్టర్లు దిగుతాయి. ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసే మా ఆయనకు ఆ రోజు సెలవు కాబట్టి అన్నం తిని పడుకుంటాడు. వారమంతా గీసిన బొమ్మలను నేను నెట్‌లో పెట్టేది ఆ గంటలోనే. దీనికి పెద్ద కారణమేమీ లేదు. ఆ గంటలో నన్ను ఎవరూ కాఫీ అడగరు, అంతే.

బొమ్మలు గీయడం నా పని. ఒకరి కింద ఉద్యోగం చేయను, ఎవరు అడిగితే వాళ్లకు గీస్తాను. "ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా, మా పాప బొమ్మ ఒకటి గీసియ్యి" అనేవాళ్లంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఖాళీగా ఉంటే నేనూ మా ఆయనలాగా పడుకోనా?

కిందటేడు వచ్చిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒక లారీ బొమ్మ. రియాద్‌లో సులై గోదాముల దగ్గర లారీ నడిపే కర్నూలు ఆయన నా పేజీ చూసి ఫోన్ చేశాడు. ఫోటో పంపాడు. తెల్లగా, బోసిగా ఉంది లారీ. "అక్కా, ముందర నిమ్మకాయలు, మిరపకాయలు కట్టినట్టు గీయి. ఈడ కట్టుకోనీరు, బొమ్మలోనన్నా కట్టుకుంటా" అన్నాడు. గీసి పంపితే ఇంకో రెండు మిరపకాయలు వేయించుకున్నాడు. అభాలో పనిచేసే ఒక ఇంజనీరు గారు కుటుంబం బొమ్మ అడిగి, తన తలమీద కొంచెం జుట్టు పెట్టమన్నాడు. పెట్టాను. వాళ్లావిడ ఫోన్ చేసి "ఇంత పెట్టారేంటండీ, పెళ్లప్పుడు కూడా ఇంత లేదు" అంది. ఇలాంటివన్నీ పేజీలో పెడతాను, కింద రెండు ముక్కలు రాస్తాను. జనం నవ్వుకుంటారు, ఒకరిద్దరు పని ఇస్తారు.

నాకు ఒక జబ్బుంది. గీత శుభ్రంగా లేకపోతే నాకు అన్నం సయించదు. ఇది మా అమ్మ ముగ్గుల పుస్తకం నుంచి వచ్చింది. కడపలో మా వీధిన ఎవరి వాకిట్లో మంచి ముగ్గు కనిపించినా అమ్మ చుక్కలు లెక్కపెట్టుకుని వచ్చి పుస్తకంలో దించేది. అడగడమనేది లేదు. వాకిట్లో వేశారంటే అది వీధి మొత్తానిది. వాళ్లు ఎక్కడైనా చుక్క తప్పినా, గీత పక్కకు జారినా, పుస్తకంలో మాత్రం సరిచేసి దించేది. ఆ సంగతి వాళ్లకు చెప్పేది కాదు. చెబితే చిన్నబుచ్చుకుంటారట. నోరెత్తకుండా సరిచేసుకోవడమే మర్యాద అనేది. నేను గీత నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే, ఆ మర్యాదతో సహా.

మేముండేది రెండంతస్తుల ఇంట్లో పై భాగం. కింద మా ఓనరు వాళ్లమ్మ, ఆయన కూతురు ఉంటారు. ఓనరు అభాలో ఉంటాడు, నీళ్ల మోటారు చెడితే తప్ప మాకు కనిపించడు. కూతురు కాలేజీలో చదువుతోంది. ఆ పెద్దమ్మను అందరూ ఖాలా అంటారు, మనం పిన్నమ్మా అన్నట్టు. డెబ్బై దాటాయి. నాకు వచ్చిన అరబ్బీ కూరగాయల అంగడికి సరిపోతుంది. అంతకు మించితే మనవరాలు ఇంగ్లీషులో చెప్పాల్సిందే. అయినా ఎందుకో ఆ ఖాలా మాట నా చెవికి మా కడప ముసలమ్మల మాటలాగే వినిపిస్తుంది. అందుకని ఇక్కడ కూడా అట్లాగే రాస్తున్నాను.

మా స్నేహం ఒక స్టీలు గిన్నెతో మొదలైంది. ఉగాదికి ఓళిగలు చేసి, కిందికి తీసుకుపోయి ఇచ్చాను. మర్నాడు ఆ గిన్నె నిండా ఖర్జూరాలు వచ్చాయి. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ నాకు చెప్పినట్టే, ఆమెకు వాళ్లమ్మ చెప్పి ఉంటుంది. అప్పటినుంచి రెండేళ్లుగా ఆ గిన్నె మెట్ల మీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది.

కింద ఆడవాళ్లు కూర్చునే గదిలో ఒక గోడ ఉంది. ఈ కొండల్లో పాతకాలం రాతి ఇళ్లకు లోపలి గోడలన్నీ ఆడవాళ్లే రంగులతో నింపేవారట. సిమెంటు ఇంటికి మారాక కూడా ఖాలా ఆ ఒక్క గోడను తన చేత్తో వేసుకుంది. ప్రతి రంజాన్ పండుగ ముందు మళ్లీ రంగులు దిద్దుతుంది. నేల నుంచి కిటికీ ఎత్తు దాకా పట్టీలు పట్టీలుగా త్రికోణాలు, చదరాలు, దువ్వెన పళ్లలాంటి గీతలు. ఎరుపు, పసుపు, నీలం, పచ్చ, చుట్టూ నల్లటి అంచు. అన్నిటికన్నా కింది పట్టీ తలుపు దగ్గర ముగుస్తుంది. అది ముగిసిన తర్వాత, ఉత్త సున్నం మీద, మోకాలి ఎత్తులో జానెడు ఎర్ర గీత ఒకటి ఉంది. వంకరగా ఉంది. మొదట్లో లావుగా పడి, చివరికి వచ్చేసరికి సన్నబడి పక్కకు పోయింది.

గోడ చూడగానే నా చేతులు ఊరుకోలేదు. పెన్సిల్ చూపించి, గీసుకోవచ్చా అని సైగ చేశాను. "తఫద్దలీ" అంది, కానీయమ్మా అని. మూడు రోజులు సాయంత్రం పూట కూర్చుని గీశాను. ఆమె పక్కన కూర్చుని కప్పులో గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోస్తూనే ఉంది.

ఆ ఎర్ర గీతను నేను చూడలేదని కాదు. చూశాను. పాపం, పెద్ద వయసు, చెయ్యి జారింది అనుకున్నాను. మా అమ్మ ఏం చేసేదో నేనూ అదే చేశాను. వదిలేసి, తలుపు పక్కన తెల్లగా శుభ్రంగా ఉంచాను. ఆమెకు చెప్పలేదు.

శుక్రవారం దాన్ని పేజీలో పెట్టాను. పెట్టొచ్చా అని ఆమెను అడగలేదు, అడగాలని తోచనూ లేదు. ఎవరి ఇల్లో రాయలేదు, "మా కింది ఇంటి గోడ" అని మాత్రం రాశాను. నా బొమ్మ దేన్నీ అంతమంది చూడలేదు. నాలుగో రోజు హైదరాబాదు నుంచి పిల్లల పుస్తకాలు వేసే ఒకావిడ ఫోన్ చేసింది. ఒక ఇంటి కథ పుస్తకంగా వేస్తున్నారట. అట్ట తెరవగానే రెండు పేజీల నిండా ఈ గోడ పరవాలని ఉందట. పుస్తకం మీద నా పేరు ఉంటుందని చెప్పింది. అప్పటిదాకా పెళ్లి పత్రికల మీద, పుట్టినరోజు కార్డుల మీద బొమ్మలు వేసినదాన్ని, పుస్తకం మీద నా పేరు ఎప్పుడూ లేదు. వారం పట్టి ట్యాబ్‌లో మళ్లీ పెద్దగా, ఇంకా శుభ్రంగా గీసి పంపాను. ఆ వారం నేను నేల మీద నడిచానో లేదో నాకు గుర్తు లేదు.

సంతోషంగా ఓళిగలు చేసి కిందికి తీసుకుపోయాను. తలుపు దగ్గర మనవరాలు గిన్నె అందుకుంది, లోపలికి రమ్మనలేదు. మర్నాడు పొద్దున గిన్నె మా మెట్టు మీద ఉంది. కడిగి, తుడిచి పెట్టారు. అందులో ఏమీ లేదు.

"గిన్నె ఖాళీగా వచ్చింది" అన్నాను మా ఆయనతో.

"ఖర్జూరాలు అయిపోయింటాయిలే మే."

"రెండేండ్లలో ఒకసారన్నా అయిపోయినాయా?"

ఆయన టిఫిన్ ప్లేటు పక్కన పెట్టాడు. "ఆ గోడ బొమ్మ నెట్లో పెట్టినావు కదా. అడిగే పెట్టినావా?"

"వాళ్ల పేరు రాయలేదు, ఏం రాయలేదు."

"పేరు కాదు మే. ఆడోళ్లు కూర్చునే రూము అది. వాళ్ల చుట్టాల్లో మొగోళ్లను గూడా లోపలికి రానీరు. నువ్వేమో ఊరందరికీ చూపిస్తివి."

బొమ్మల విషయంలో ఆయన నోరెత్తకూడదని మా ఇంట్లో ఒక రూలుంది. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నది నేనే. ముగ్గు వాకిట్లో ఉంటుంది, ఆ గోడ ఇంటి లోపల ఉంది. ఇంత చిన్న తేడా నాకు తెలియలేదు. పేజీలోంచి బొమ్మ తీసేశాను. కిందికి పోయి క్షమించమని అడగడానికి కాళ్లు రాలేదు. ఎందుకంటే ఆమె "పుస్తకంలోంచి కూడా తీసెయ్" అంటుందేమోనని భయం. అంత మంచి మనిషి మనసు నొప్పించానన్న బాధ కన్నా నా పేరు పోతుందన్న భయమే ఎక్కువగా ఉంది. ఆ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది.

రెండు రోజుల తర్వాత ఉదయం పదిన్నరకు మనవరాలు పైకి వచ్చింది. "ఆ బొమ్మ ఎందుకు తీసేశారు? నాయనమ్మ మళ్లీ చూపించమంటే నా ఫోన్లో రావడం లేదు" అంది.

"పెట్టినందుకు ఆమెకు కోపం కాదా?"

"గోడనే కదా పెట్టారు, మమ్మల్ని కాదు కదా. రమ్మంటోంది. బొమ్మ కూడా తెమ్మంది."

ట్యాబ్ పట్టుకుని దిగాను. ఖాలా గోడకు ఎదురుగా కూర్చుని ఉంది. ముందు గహ్వా లేదు, ఖర్జూరాలు లేవు. ఆ ఇంట్లో అట్లా కూర్చోవడం నాకు అదే మొదటిసారి. వచ్చీరాని అరబ్బీలో క్షమాపణ మొదలుపెట్టాను. ఆమె చెయ్యి ఊపి ఆపేసింది. "అదంతా ఉండనీ. బొమ్మ తీయ్."

తీశాను. ఆమె రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది, ఎవరు నేర్పారో ఏమో. మెల్లగా జరుపుకుంటూ కింది మూలకు వచ్చి, తలుపు పక్కన వేలు పెట్టింది.

"ఇది యాడికి పోయింది?"

గోడ వైపు చూశాను. ఓస్, ఇంతేనా అనుకున్నాను. నిజంగా ప్రాణం లేచి వచ్చింది. "అది నేనే తీసేశాను ఖాలా. చెయ్యి జారి పడింది కదా. శుభ్రం చేశాను" అన్నాను. అందులో కాస్త గర్వం కూడా ఉంది. మనవరాలు వెంటనే అరబ్బీలో చెప్పలేదు. నా ముఖం చూసింది, తర్వాత తల వంచుకుని చెప్పింది.

ఖాలా నాతో కాదు, గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది. మనవరాలు ఒక్కో మాటే నాకు అందించింది.

"నా రెండో బిడ్డ. కొండ మీద పాత ఇంట్లో ఉన్నప్పుడు. పండగ ముందర నేను గోడ దిద్దుతా ఉంటే, వెనకనుంచి వచ్చి గిన్నెలో కుంచె తీసుకొని తలుపు పక్కన లాగింది. రెండేండ్లు దాటి నాలుగు నెలలు దానికి. తెల్ల గోడ పాడుచేసిందని చేతి మీద ఒకటి కొడితి. తర్వాత తుడుద్దాంలే అనుకుంటి. పండగ పనిలో పడి మర్చిపోతి. ఆ చలికాలం జ్వరమొచ్చె. అప్పుడు కిందికి దావ లేదు. ఆస్పత్రికి చేరకముందే పోయింది."

ఖాలా మళ్లీ అందుకుంది. "దానికి ఫోటో లేదు. మాకు అప్పుడు ఫోటోలు యాడివి? ఈ లోకంలో అది చేసింది ఈ గీత ఒక్కటే. ఈ ఇంటికి వచ్చేటప్పుడు దారంతో కొలత తీసుకొని వస్తి. నేల నుంచి ఎంత, తలుపు నుంచి ఎంత, యాడ లావు, యాడ సన్నం. ప్రతి ఏడూ అట్లనే దిద్దుతాండా. యాభై ఏండ్లు నేను తుడవలేదు. నువ్వు మూడు దినాల్లో తుడిచేస్తివి."

తిట్టినట్టు అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది కానీ ఏడుపు తొందరగా రాదు. ఆ రోజు మాత్రం వచ్చింది. నా శుభ్రమైన గీత మీద నాకే అసహ్యం వేసింది. ఏడుస్తూనే పుస్తకం సంగతి చెప్పేశాను.

ఖాలా అడిగింది ఒకటే మాట. "పుస్తకంలో కూడా లేదా?"

"పెడతాను" అన్నాను.

పైకి పరుగెత్తి హైదరాబాదుకు ఫోన్ చేశాను. "ఫైల్ ప్రెస్‌కి వెళ్లిపోయిందండీ. రేపు పొద్దున్నే ప్రింటింగ్" అంది ఆవిడ.

"ఒక్క మార్పుందండీ. ఒక గీత పెట్టాలి."

"ఒక్క గీతా?" అంది. "సరే, ఇక్కడ సాయంత్రం ఐదులోపల పంపండి. తర్వాత నా చేతిలో లేదు."

అక్కడ ఐదంటే మాకు రెండున్నర. మూడు గంటలు ఉంది, గీయాల్సింది జానెడు గీత. కూర్చున్నాను. గీశాను, తీసేశాను. మళ్లీ గీశాను. ఒకటి మరీ అందంగా వచ్చింది. ఇంకోటి కావాలని వంకర చేసినట్టు తెలిసిపోతోంది. ఇరవై ఏళ్లుగా తిన్నగా పోవడం నేర్చుకున్న చెయ్యి తప్పు గీయమంటే గీయదు. గంట గడిచిపోయింది. ట్యాబ్ తీసుకుని మళ్లీ కిందికి పోయాను.

"రావడం లేదు ఖాలా. నువ్వే గీయి" అని ట్యాబ్ పెన్ను ఆమె చేతికిచ్చాను. ట్యాబ్ అద్దం మీద ఒకసారి లాగి చూసింది. జారిపోయింది. "ఇది గోడ కాదు. దీనిమీద నా చెయ్యి నిలవదు" అంది. నేను గీయడం కాసేపు చూసింది. చూసి, నా వేళ్ల మధ్యనుంచి పెన్ను లాగేసి, పచ్చడి బండ పట్టుకున్నట్టు నా పిడికిట్లో పెట్టింది. నా పిడికిలి మీద తన చెయ్యి వేసింది.

"నువ్వు రాస్తాండావు. దానికి రాయడం రాదు. ఊరికే లాగు."

లాగాను. లావుగా మొదలై, సన్నబడి, పక్కకు పోయింది. ఆమె గోడ చూసింది, అద్దం చూసింది. నేనూ చూశాను. అదే గీత. ఆమె లేచి పోయి గహ్వా తెచ్చింది.

రెండూ పదికి ఫైల్ పంపాను. అరగంటకు హైదరాబాదు నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, కుడివైపు కింద ఏదో గీత పొరపాటున పడినట్టుంది. మా డిజైనర్ క్లీన్ చేసి పంపేస్తాడు, వర్రీ అవకండి."

నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ రాశాను: తీయొద్దండి. అది పొరపాటు కాదు. నేను పెట్టమన్న గీత అదే. ఆ ఇంట్లో రెండేళ్ల పాప గీసింది. ఆ పాప ఇప్పుడు లేదు.

జవాబు మర్నాడు వచ్చింది. "అయ్యో, సారీ అండీ, నిన్న మీటింగ్‌లో ఉన్నాను. అప్పటికే ఫైల్ వెళ్లింది. డిజైనర్‌ను అడుగుదామంటే ఈరోజు సెలవులో ఉన్నాడు. మీరు పంపిందే వెళ్లిందనుకుంటున్నాను." అనుకుంటున్నాను అనే మాటతో నేను రెండు నెలలు గడిపాను. పుస్తకం అచ్చయ్యాక ఆవిడ అట్ట ఫోటో పంపింది. నా పేరు ఉంది. లోపలి పేజీ ఫోటో పంపమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఈలోగా గిన్నె మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. బొమ్మను మళ్లీ పేజీలో పెట్టొచ్చా అని ఈసారి అడిగాను. "నా బిడ్డ ఉంటే పెట్టు" అంది. పెట్టాను. పుస్తకం వచ్చిందా అని మాత్రం ఆమె ఒక్కసారీ అడగలేదు. నేను గదిలోకి వచ్చిన ప్రతిసారీ నా చేతుల వైపు చూసేది.

చివరికి మా ఆయనతో పనిచేసే ఒకతను లీవు నుంచి తిరిగి వస్తూ, పెట్టెలో ఆవకాయ సీసాల మధ్య నాలుగు పుస్తకాలు తెచ్చాడు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు నేను. "చూడు మే, నీ పుస్తకం" అని మా ఆయన చేతికిస్తే, విప్పొద్దని అరిచాను. అది శుక్రవారం. వీధి నమాజుకు పోయింది. ఒక పుస్తకం తీసుకుని కిందికి దిగాను.

ఖాలా కవరు చింపింది. అట్ట మీద ఏముందో చూడలేదు, నా పేరు చూడలేదు. అట్ట తెరిచింది. రెండు పేజీల నిండా ఆమె గోడ ఉంది. ఆమె వేలు తిన్నగా కుడివైపు కిందికి పోయింది. నేను తలుపు వైపు తిరిగాను, గోడ మీద ఉన్న అసలు గీతను చూస్తూ నిలబడ్డాను.

"వంకరగానే ఉండాది" అంది ఖాలా.

తిరిగి చూశాను. వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది, మెల్లగా రుద్దుతోంది. లోపల గదిలో ఉన్న మనవరాలిని పిలిచింది. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది. ఖాలా పుస్తకాన్ని వెలుతురు వైపు తిప్పి, రెండు చేతులతో తెరిచి పట్టుకుంది.

"ఫోన్ తీయ్," అంది, "మీ అత్తకు ఒక ఫోటో తీయ్."